కంబళి పరిచిన డిక్కీ

బుధవారం. పొద్దున మబ్బు, కాసేపటికే ఎండ. వాన లేదు. మగ్గం మీద పాత పడుగు అయిపోయింది. కొత్త పడుగు పోగులు అతికే పని సగం అయింది.

రోజూ నేను నోటుపుస్తకంలో రాసుకునేది ఇంతే. వారం, ఎండో వానో, చేసిన పని. మనుషుల గురించి రాసుకునే అలవాటు లేదు. ఆ బుధవారం కింద మాత్రం ఇంకో మాట రాశాను: పక్కింటి డ్రైవరన్న పోయాడు.

పోగులు అతుకుతుండగా గోడ అవతల నుంచి వదిన పిలిచింది. కేక కాదు, ఉప్పో చింతపండో అడిగినట్టు పిలిచింది.

"అబ్బీ, మీ అన్న లేస్తాలేడు. ఒకసారి వచ్చిపో."

మసీదు నుంచి వచ్చి కారు తుడుస్తూ, అలుపొచ్చినట్టుంది, పక్కనే నులకమంచం మీద కూర్చున్నాడట. కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. నేను పోయేసరికి చేతిలో తడిగుడ్డ ఇంకా ఉంది. కారు ముందుభాగం తుడిచాడు. వెనకభాగం మీద దుమ్ము అలాగే ఉంది.

ఈ పది రోజుల్లో ఆయన గురించి చాలా మంచి మాటలు విన్నాను. అవన్నీ నిజాలే. కానీ కొందరి నోటి నుంచి అవి వినడం నా వల్ల కాలేదు. అందుకే నాకు తెలిసింది రాస్తున్నాను. నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు. అక్షరాలు కూడా మగ్గం దగ్గర కూర్చుని, సరుకు చుట్టి వచ్చిన పాత పేపర్లు చూసి నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకోండి.

ధర్మవరంలో మా వీధి నేతవాళ్ల వీధి. డ్రైవరన్నది ఒక్కటే సాయిబుల ఇల్లు, మా ఇంటికి ఆనుకుని. మాకు మగ్గం ఎలాగో ఆయనకు ఆ తెల్ల అంబాసిడర్ అలాగ. ఎవరో కాంట్రాక్టరు వాడి వదిలేసిన బండిని కొన్నాడు. అందులో ఒక సావుకారు పట్టుచీరలు మోసేవాడు. ఆ సావుకారు దగ్గరే మా వీధిలో చాలామందిమి నేస్తాం. ఆయన ముడిపట్టు ఇస్తాడు, మేం చీర నేసి ఇస్తాం, ఆ చీరలు డ్రైవరన్న డిక్కీలో గోరంట్లకు, హిందూపురానికి, పుట్టపర్తి అంగళ్లకు పోయేవి. పెళ్లిళ్ల కాలంలో బెంగళూరుకు కూడా. నేను నేసిన చీర ఎక్కడికి పోయిందో, అంగడివాళ్లు ఏమన్నారో వచ్చి చెప్పేది ఆయనే.

"నీ చిలకపచ్చ చీర ఒకామె ఎత్తుకొని మల్లా దించలేదప్పా. మొగుడు బయట నిలబడి పిలుస్తాండాడు, ఈమె కదల్లేదు" అనేవాడు. నేసేవాడికి కొనేవాళ్ల మొహాలు కనబడవు. నాకు కనబడింది ఆయన మాటల్లోనే.

మూటలు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. కారులో పాటలు పెట్టేవాడు కాదు. అదేమంటే, "పాట పెడితే ఎనక మూట జరిగింది ఎట్ల తెలుస్తాది? సరుకుకు నోరుంటాదా? మనమే చెవి పెట్టల్ల" అనేవాడు. డిక్కీ తెరిచినప్పుడల్లా ముందు తల లోపలికి పెట్టి వాసన చూసేవాడు. డీజిల్ వాసన ఏమాత్రం తగిలినా ఆ రోజు సరుకు ఎక్కించేవాడు కాదు. సావుకారు గుమాస్తా నవ్వేవాడు. "ఏమన్నా, మల్లెపూల అంగడికి పోయినావా, ముక్కు అట్ల ఎగబీలుస్తాండావు?"

"నువ్వు కట్టుకోవు గాబట్టి నీకు నవ్వు. పెండ్లికూతురు కట్టుకుంటాదప్పా. పీటల మీద డీజిల్ కంపు కొడితే నీ సావుకారు పోయి కూర్చుంటాడా ఆడ?"

దీపావళికి సావుకారు తన దగ్గర పనిచేసే మగవాళ్లందరికీ పట్టు ఉత్తరీయం ఒకటి ఇచ్చేవాడు. డ్రైవరన్న దాన్ని రెండు చేతులతో తీసుకుని, ఇంటికి రాగానే గోడమీద నుంచి నాకు అందించేవాడు.

"నువ్వే కప్పుకోప్పా. మాలో మగోళ్లకు పట్టు పనికిరాదు."

"ఆ మాట సావుకారుకు చెప్పొచ్చు కదన్నా?"

"చెప్తే ఆయనకు చిన్నతనంగా ఉండదా? ఏడాదికొకసారి గుర్తుపెట్టుకొని ఇస్తాడు. పోనీలే."

అలా ఏటా ఒక ఉత్తరీయం మా ఇంటికి వచ్చేది. ఏటా ఆయన పట్టు మోస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ డిక్కీకి తుప్పు పట్టిన సంగతి చెప్పాలి. అదంతా ఒక దుమ్ముమరకతో మొదలైంది.

మా సీమలో కారుకు వానతో భయం లేదు. ఉన్నదంతా దుమ్ముతోనే. ఒకసారి కదిరి వైపు నుంచి వస్తుంటే సుడిగాలి లేచి, మూటల పైగుడ్డ మీద ఎర్రటి పొర పట్టింది. లోపలి చీరలకు ఏమీ కాలేదు. అయినా గుమాస్తా గొణిగాడు. దుమ్ము ఎటు నుంచి వచ్చిందా అని డ్రైవరన్న డిక్కీలో దూరి వెతికాడు. అడుగున మూలల్లో వేలు పట్టేంత రంధ్రాలు ఉన్నాయి. లోపలికి నీళ్లు చేరితే పోవడానికి కంపెనీవాళ్లు పెట్టినవి అవి. ఆయనకు ఆ సంగతి తెలుసు.

"మన ఊర్లో వాన యాడిదిప్పా? ఇవి వానలు పడే ఊర్లకు పెట్టినవి. మనకు దుమ్ము రాకుంటే చాలు" అని గుడ్డపేలికలు తారులో ముంచి ఆ రంధ్రాల్లోకి గట్టిగా కూరాడు. మా వీధిలో ఎవరినడిగినా అదే చేయమనేవాళ్లు. నన్ను అడిగితే నేనూ అదే అన్నాను. పైన రబ్బరు చాప పరిచాడు. దుమ్ము ఆగింది. సావుకారు మెచ్చుకున్నాడు.

తర్వాత రెండేళ్లకు అనుకుంటా, వేసవిలో బోర్లన్నీ అడుగంటాయి. మిగిలిన బోర్లలో ఉప్పునీళ్లు. ఉప్పునీళ్లలో పట్టుకు రంగు సరిగ్గా ఎక్కదు, మచ్చలు పడతాయి. సావుకారు రంగుబానలకు మంచినీళ్లు కావాలి. ట్యాంకరు వస్తానన్న రోజు రాదు. అప్పుడు ఆయన డ్రైవరన్నను పిలిచి ఊరవతల తోటబావి నుంచి డిక్కీలో క్యాన్లు వేసుకుని రమ్మన్నాడు. వేసవంతా తెచ్చాడు. పొద్దున నీళ్లు, మధ్యాహ్నం చీరలు. నీళ్లు దించాక చాప తుడిచి, గుడ్డ పరిచి, మూటలు పెట్టేవాడు. ఆ నీళ్లలోనే ఒక క్యాను మా వీధి మలుపులో దించేవాడు. దానికోసం ఆడవాళ్లు బిందెలతో కాచుకుని ఉండేవాళ్లు.

క్యాను మూత ఎంత బిగించినా గతుకుల్లో చిందుతుంది. చిందిన నీళ్లు చాప కిందికి పోయాయి. కింద రంధ్రాలు మూసి ఉన్నాయి. చాప పైన పొడిగా ఉంటే చాలు కదా అనుకున్నాం అందరం. చాప ఎత్తి చూడాలని ఎవరికీ తోచలేదు. వానలు లేని ఊళ్లో కారు అడుగున నీళ్లు నిలుస్తాయని ఎవరనుకుంటారు?

హిందూపురంలో ఒక పెళ్లివాళ్ల కోసం పంపిన మూటలో మూడు చీరల మూలలకు గోధుమరంగు మరకలు పడ్డాయి. చాప కింద నిలిచిన నీళ్లు తుప్పుతో కలిసి, చాప పగుళ్లలోంచి పైకి ఊరాయి. పట్టు మీద తుప్పుమరక పోదు. ఆ మూడింటిలో మెరూన్ చీర నా మగ్గం మీదది.

సావుకారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో. అంగడి మెట్ల మీద నిలబడి, నలుగురు ఉండగా, నవ్వుతూనే అన్నాడు.

"ఏమప్పా, ఇది కారా పాతరేకుల డబ్బానా? వీధి మొదట్లో ఉన్నప్పుడే గణగణ మోత. అది చాలదని ఇప్పుడు సరుకుకు బొట్టు కూడా పెడ్తాండాది."

అందరూ నవ్వారు. మరుసటి వారం నుంచి సరుకు వేరేవాళ్ల వ్యాన్‌లో పోవడం మొదలైంది.

డ్రైవరన్న ఆ మాటలో రెండు తప్పులు వెతుక్కున్నాడు. ఒకటి మరక, రెండోది మోత. ఆ రెండూ పోగొడితే సరుకు మళ్లీ వస్తుందని అనుకున్నాడు. "ఆయన అన్నది నిజమే గదప్పా. బండి బాగలేదు. బండి బాగుచేస్తే మాట తీసుకుంటాడు" అన్నాడు నాతో. నాకు నమ్మకం లేకపోయినా ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

మర్నాడే చాప పీకాడు. అది ఊడి రాలేదు, చించాల్సి వచ్చింది. స్క్రూడ్రైవరుతో అడుగురేకును ఊరికే తాకితే ఆ పక్కకు దిగిపోయింది. రంధ్రంలోంచి నేల కనబడుతోంది. వదిన వాకిట్లో బియ్యం చెరుగుతూ అంతా చూస్తోంది.

"ఏందయ్యా, కిటికీ పెట్టిచ్చినావా?"

"ఆఁ. నిన్ను డిక్కీలో కూర్చోబెట్టుకొని పోదామని. గాలి రావల్ల కదా."

"నీ సావుకారును కూర్చోబెట్టు. ఆయనకే అన్ని సోకులు చేస్తాండావు."

నేను నా పని అయ్యాక సాయంత్రాలు వెళ్లి కూర్చునేవాణ్ణి. మొదట డీజిల్ ట్యాంకు దించి, తుప్పు పట్టిన రేకంతా కోయించి, కొత్త రేకు ముక్కలు వెల్డింగ్ పెట్టించాడు. ఆ తర్వాత పని అంతా ఆయనే చేసుకున్నాడు. వైరు బ్రష్‌తో రుద్దాడు. ఉప్పుకాగితంతో మూలమూలలా రుద్దాడు. చెయ్యి పట్టని చోట గుడ్డను పుల్లకు చుట్టి రుద్దాడు. రేకు తెల్లగా మెరిసే దాకా ఆపలేదు. తారు కూరిన రంధ్రాలు సుత్తి, మేకు పెట్టి తెరిచాడు. తెరుస్తూ ఒక్కమాట అన్నాడు.

"నీళ్లకు దోవ ఉండల్లప్పా. లేనప్పుడు కూడా ఉండల్ల."

ఆ రంధ్రాలకు సన్నటి జాలీ బిగించాడు. దుమ్ము రాకుండా, నీళ్లు ఆగకుండా. పైన రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు. అతుకులన్నిటి మీదా, మేడమీద నీళ్లు కారకుండా వేసే తారు. కారు అడుగున ఉండే బోలు ఇనుప దూలాల లోపలికి పాత ఇంజన్ ఆయిల్ పిచికారీ. డిక్కీ మూత చుట్టూ కొత్త రబ్బరు బీడింగ్.

మోత సంగతి వేరుగా చూశాడు. మిద్దెల మీద పరిచే మందపాటి తారు షీట్లు తెచ్చాడు. వేరేచోట వాటిని మంటపెట్టి మెత్తబరుస్తారు. ఈయన మా మిద్దెమీద బండల పైన పరిచి వచ్చి, నీడలో కూర్చుని బీడీ వెలిగించాడు. "మంటకు దుడ్లేల తగలెయ్యల్ల? మన ఊరి ఎండ ఉత్తగనే ఉండాది." బీడీ అయ్యేసరికి షీట్లు చపాతీపిండిలా అయ్యాయి. ఒక్కొక్కటి చేతుల మీద మోసుకొచ్చి రేకుకు అంటించి, గాజుసీసాతో అప్పడాలు ఒత్తినట్టు ఒత్తాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. వదిన వెన్న రాస్తూ తిట్టింది. ఏం తిట్టిందో రాయను. నవ్వొచ్చేలా తిట్టింది.

చివరికి కంబళి. బజారులో దొరికే ఫెల్టు గుడ్డ ఆయనకు నచ్చలేదు. కంబదూరు పక్క పల్లెకు పోయి, గొర్రెబొచ్చుతో నేసిన నల్లకంబళి తెచ్చాడు. గొర్రెలు కాసే కురుబవాళ్లు వానకూ చలికీ కప్పుకునేది. "గొర్రె బయట పండుకుంటాదప్పా. దానికి చెమ్మంటే భయం లేదు" అన్నాడు. కొలత తీసి, కత్తిరించి, అంచులు మా ఆవిడతో కుట్టించి, డిక్కీ లోపల అడుగునా పక్కలకూ పరిచాడు. ఎండకు వేయడానికి తీసేలా అడుగు ముక్కను మాత్రం అంటించకుండా వదిలాడు.

ఆ రోజు సాయంత్రం మూత ఎత్తి వదిలాడు. ఇదివరకు ఆ మూత పడితే వీధి చివర కుక్క మొరిగేది. ఇప్పుడు మెత్తటి దిండు మీద చెయ్యి వేసినట్టు అయింది, అంతే. ఆయన మళ్లీ ఎత్తి వదిలాడు. మళ్లీ. చిన్నపిల్లవాడి ఆటలా అయిపోయింది. వదిన లోపలి నుంచి, "మూస్తాండావా తెరుస్తాండావా? ఏమీ వినపడక దిగులైతాండాది" అంది.

అక్కడితో ఆగలేదు. నా దగ్గర తెల్ల పట్టుముక్క ఒకటి అడిగి తీసుకున్నాడు. కంబళి మీద పరిచి, మూత వేసి, కారు మీద బిందెలకొద్దీ నీళ్లు పోశాడు. నీళ్లంటే మా ఊళ్లో ఎంతో మీకు తెలుసు. గుడ్డలుతికిన నీళ్లు దాచి తెచ్చి పోశాడు. రాళ్లదారిలో తిప్పి తెచ్చాడు. కొన్నాళ్లు అలాగే ఉంచి, ఆ ముక్క తీసి నాకిచ్చాడు. వెలుతురుకు పట్టి చూశాను. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"యాడన్నా మరక ఉందాప్పా? నిజం చెప్పు. నాకోసం చెప్పొద్దు."

"లేదన్నా."

"అయితే పోయి పిలుస్తా."

సావుకారు వచ్చాడు. వస్తాడని నేననుకోలేదు, వచ్చాడు. డ్రైవరన్న డిక్కీ ఎత్తాడు. సావుకారు తల లోపలికి వంచి చూశాడు. కంబళిని చేత్తో నిమిరాడు. ఉంగరం వేలితో రేకు మీద కొట్టి చెవి ఆనించాడు.

"అబ్బా! ఏమప్పా, ఇది డిక్కీనా, దేవునింటి పెట్టెనా? ఒక తలగడ ఇయ్యి, ఈడ్నే పండుకుంటా."

డ్రైవరన్న నవ్వాడు. ఆయన అంత నోరారా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"వచ్చే వారం నుంచి పంపిస్తారా సావుకారు?"

"చూద్దాంలేప్పా. ఆ వ్యాన్ వాళ్లకు మాటిచ్చినా. వాళ్లయితే సరుకు చెడితే కట్టిస్తారు. కాగితం రాసిచ్చినారు."

"నా మాట ఉండాది కదా సావుకారు. ఇన్నేండ్లు చూసినారు."

"నీ మాట మంచిదే. కాదన్నానా? మాట మీద మరక పడితే ఎవరు కట్టియ్యల్లప్పా?"

అది కూడా నవ్వుతూనే అన్నాడు. నేను మామూలుగా ఎవరి మధ్యా మాట్లాడను. ఆ రోజు నోరు ఊరుకోలేదు.

"సావుకారు, ఆ తుప్పు మన రంగుబానలకు మోసిన నీళ్లతో పట్టిందే కదా."

ఆయన నావైపు తిరిగాడు. కోపం లేదు.

"దానికి బాడిగ ఇచ్చినా కదప్పా. ఉత్తపుణ్యానికి మోయిచ్చుకున్నానా?" అని, చెప్పులు సర్దుకుంటూ, "నీ పడుగు యాడిదాకా వచ్చింది? తొందరగా కానీ. చానామంది పట్టు అడుగుతాండారు" అన్నాడు.

ఆ మాటకు అర్థం నేతవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన పోయాక డ్రైవరన్న నా మీద పడ్డాడు. "నిన్నెవరు మాట్లాడమన్యారు? నీళ్ల సంగతి నాకు తెలీదనుకున్యావా? అడుగు పీకిన రోజే తెలిసింది. చెప్తే సరుకొస్తాదా? ఇప్పుడు చూడు, నీ మగ్గానికి కూడా ఎసరు తెస్తాండావు." ఆ తిట్టు నాకు ఇప్పటికీ తియ్యగానే ఉంది. తన సరుకు పోయిన మనిషి నా పట్టు గురించి భయపడ్డాడు.

సరుకు రాలేదు. ఆ వారం రాలేదు, ఆ పెళ్లిళ్ల కాలంలో రాలేదు, ఇంకెప్పుడూ రాలేదు. వ్యాన్ మా వీధిలోకే వచ్చి మూటలు ఎత్తుకుపోయేది. దాని తలుపు దడేలుమని మూసేవాళ్లు. డ్రైవరన్న అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వినేవాడు. ఒకసారి మాత్రం, "రబ్బరు పోయింది దానికి. దుమ్ము దూరుతాది" అన్నాడు, తనలో తను.

కారు బాడిగలకు తిప్పాడు. ఆసుపత్రికి పోయేవాళ్లు, పుట్టపర్తికి పోయేవాళ్లు ఎక్కేవాళ్లు. కానీ డిక్కీలో ఎవరి సామానూ పెట్టనిచ్చేవాడు కాదు. సంచులు పైన క్యారియరుకు కట్టాలి, లేకపోతే ఒళ్లో పెట్టుకోవాలి.

"ఏమన్నా, అంత డిక్కీ పెట్టుకొని మూట ఒళ్లో పెట్టుకోమంటావేమి? లోపల ఎవరినన్నా దాచినావా?" అని ఒకాయన గొడవపడ్డాడు.

"అది సరుకుకుప్పా."

"ఏం సరుకు? యాడుండాది?"

"వస్తాది."

ఆయన దిగి ఆటో ఎక్కాడు. ఇలా చాలామంది దిగిపోయారు. వదిన తిట్టింది, బతిమాలింది, చివరికి ఊరుకుంది. "పెండ్లికూతురు మాదిరి సింగారించి పెట్టినావు. పెండ్లికొడుకు మల్లా తొంగిచూడలే" అనేది. ఆయన మాత్రం ప్రతి శుక్రవారం, నమాజుకు పోయే ముందు, డిక్కీ తెరిచి, అడుగు కంబళి తీసి మా గోడమీద ఎండకు వేసేవాడు. నేను మగ్గం గుంటలో కూర్చుంటే కిటికీలోంచి ఆ నల్లకంబళి కనబడేది. తిరిగొచ్చాక దులిపి, చేతులు కడుక్కుని, మళ్లీ పరిచేవాడు. తల లోపలికి పెట్టి వాసన చూసేవాడు. ఖాళీ డిక్కీ వాసన.

నాకు అది చూడబుద్ధయ్యేది కాదు. నేను ఆ సావుకారు దగ్గరే నేస్తూ ఉన్నాను. ఇప్పటికీ నేస్తున్నాను.

ఆ బుధవారం మధ్యాహ్నానికి సావుకారు వచ్చాడు. కొత్త కారులో వచ్చాడు. అది ఆగిందో లేదో తెలియనంత మెత్తగా ఆగింది. అప్పటికే డ్రైవరన్నకు స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. వీధి వీధంతా వాకిట్లో నిలబడి ఉంది. సావుకారు కళ్లు తుడుచుకున్నాడు. అబద్ధమని నేననను, కళ్లలో నీళ్లున్నాయి.

"మావోడు. ఇంట్లో మనిషి. ఇన్నేండ్లలో నా సరుకు ఒక్క పోగు పోకుండా చేర్చినాడు. ఇట్లాంటోడు మల్లా దొరకడు" అన్నాడు అందరూ వినేలా.

వదిన గడప లోపల కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

సావుకారు చెయ్యి చాపాడు. గుమాస్తా కవరులోంచి ఒక శాలువా తీసి ఇచ్చాడు. పట్టుశాలువా, వెడల్పు జరీ అంచు, మంచి నేత. ఎంత పనో నాకు తెలుసు. ఆయన దాన్ని విప్పి డ్రైవరన్న మీద కప్పడానికి వంగాడు. మసీదు పెద్దాయన మెల్లగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సావుకారు. మాలో మగోళ్లకు పట్టు పనికిరాదు. బతికున్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

సావుకారు శాలువా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"అవునా? నాకెవరూ చెప్పలేదే. ఏటా ఇస్తాంటే తీసుకునేటోడు కదా."

ఆ ఉత్తరీయాలన్నీ మా ఇంట్లో పెట్టెలో ఉన్నాయి. నేను ఆ సంగతి చెప్పలేదు. డ్రైవరన్న ఆయన చిన్నబోకూడదనుకున్నాడు. ఆ ఒక్కటీ నేను చెడగొట్టదలుచుకోలేదు.

శాలువాను వెనక్కి తీసుకుపోవడం బాగుండదు. ఎక్కడ పెట్టాలో తెలియక సావుకారు నా చేతుల్లో పెట్టాడు. "లోపల యాడన్నా పెట్టప్పా" అన్నాడు. నేను వదిన వైపు చూశాను. ఆమె అప్పుడు తల ఎత్తింది. ఏడుపు లేదు. పొద్దున నన్ను పిలిచినప్పటి గొంతే.

"డిక్కీలో పెట్టు అబ్బీ. ఆయప్ప దాన్ని సావుకారు సరుకు కోసమే కదా పెట్టుకున్యాడు. వచ్చిందిలే."

సావుకారు విన్నాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

నేను తొట్టి దగ్గరకు పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. డిక్కీ తాళం కారుకే ఉంది. వెనక దుమ్ము మీద నా వేళ్లు పడ్డాయి. మూత ఎత్తి, శాలువాను మడతలు సరిచేసి కంబళి మధ్యలో పెట్టాను. నల్లటి కంబళి మీద జరీ ఒక్కటే కనబడింది. మూత వేశాను. చప్పుడు కాలేదు. నా వెనక నలుగురు ఆయనను భుజాలకెత్తుకున్నారు.

తర్వాత పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి బండి అడిగాడు. వదిన ఇంకా ఏమీ చెప్పలేదు.

శుక్రవారం. ఎండ. పడమటి గాలి, దుమ్ము. పొద్దున వదిన దగ్గర తాళం తీసుకుని డిక్కీ ఎత్తాను. కంబళి ఎండకు వేయాలంటే ముందు శాలువా తీయాలి. చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకు పోయాను.